పేరు తెలియని కొండకు మెట్లపూజ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అబద్ధమాడితే ఒక కసురుతో సరిపోయేది. అన్నం పారేస్తే కాస్త పెద్ద ఉపన్యాసం. కానీ మన వల్ల బయటివాళ్ళెవరైనా ఒక్క నిమిషం ఆగాల్సి వచ్చిందంటే మాత్రం మా నాన్న ముఖం ఆ రోజంతా మాడిపోయి ఉండేది. దుకాణంలో మా బండి నిండా సామాన్లుండి, వెనక ఎవరైనా ఒక్క పాల డబ్బాతో నిలబడితే, నాన్న వాళ్ళను ముందుకు పొమ్మనేవారు. వాళ్ళ వెనకవాళ్ళ చేతిలోనూ తక్కువే ఉండేది, వాళ్ళనూ పొమ్మనేవారు. అలా ఒక్కోసారి మేము ఉన్నచోటే పావుగంట నిలబడేవాళ్ళం. పార్కింగ్‌లో దగ్గరి చోటు ఎవరికైనా పనికొస్తుందని కారును చివరెక్కడో పెట్టేవారు. అక్కడి నుంచి నేను నడవాలన్న సంగతి ఆయనకు తట్టేది కాదు.

నాకు ఏడేళ్ళున్నప్పుడు మేము అమెరికాకు, న్యూజెర్సీలోని పిస్కాటవేకు వచ్చాం. నాన్న మందుల కంపెనీలో కెమిస్టు. మనది కాని దేశంలో రెండు పాదాలు పట్టేంత చోటు తప్ప ఇంకేమీ ఆక్రమించకూడదని ఆయన ఎప్పుడో నిర్ణయించుకున్నట్టున్నారు. అంత మంచి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ అలవాటు మీద నాకున్న కోపం కూడా ఇంతవరకు తగ్గలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి తగ్గించుకోమని మా అమ్మ అంటుంది. నేను ఒప్పుకోను.

నాకు రెండో ఏట పోలియో వచ్చింది. ఎడమ కాలు సన్నబడి ఉండిపోయింది. మోకాలి దాకా రెండు ఇనుప కడ్డీలు, వాటిని పట్టి ఉంచే తోలు పట్టీలు, అడుగున ఒక బరువైన బూటు. అది తొడుక్కుంటే నేను నడుస్తాను. నెమ్మదిగా నడుస్తాను, అంతే తేడా. కానీ మా ఇంట్లో నెమ్మది అంటే ఎవరినో ఆపడం, ఎవరినో ఆపడం అంటే మహాపాపం. ఆ లెక్కన మా నాన్న జీవితమంతా తప్పించుకు తిరిగిన పాపం ఆయన కడుపునే పుట్టింది. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. దానికి బదులు ఎంతో ప్రేమగా, "నువ్విక్కడే కూర్చోమ్మా, సామాన్లు చూస్తూ ఉండు" అనేవారు.

ఎండాకాలం వచ్చిందంటే నాలుగైదు తెలుగు కుటుంబాలు కలిసి న్యూజెర్సీ వాయవ్యాన ఉన్న హైలాండ్స్‌కు పిక్నిక్ వెళ్ళేవాళ్ళం. పేరు పెద్దదే గానీ అవి మరీ పెద్ద కొండలు కావు. రాళ్ళూ, ఓక్ చెట్లూ, మధ్యలో చెరువులు. మావాళ్ళు ఆ కొండల దాకా వెళ్ళి ఒక్కదాన్నీ ఎక్కేవారు కాదు. ఎక్కడం కుదిరేది కాదు కూడా. గుండిగెడు పులిహోర, గారెలు, పెరుగన్నం, మూడు రకాల పచ్చళ్ళు, ఇంటికొక స్వీటు. అవన్నీ తిన్న మనిషి చేయగలిగిన పని దుప్పటి మీద వాలడం ఒక్కటే. కాస్త తేరుకున్నాక అందరూ లేచి చెరువు పక్కనున్న రాతిమెట్లు ఎక్కి, పైనున్న గట్టు మీద నిలబడి గ్రూప్ ఫోటో తీయించుకునేవారు. ఆ మెట్లు నిటారుగా ఉండేవి. నేను కింద చెప్పులకూ ఫ్లాస్కులకూ కాపలా. ఆ ఆల్బమ్‌లు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. నాలుగేళ్ళ ఫోటోల్లో ఒక్కదానిలోనూ నేను లేను.

నేను ఆరో తరగతిలో ఉండగా బడి నుంచి ఒక ఫారం తెచ్చాను. అక్టోబరులో పిల్లలందరినీ మూడు రోజులు అదే హైలాండ్స్‌కు తీసుకెళ్తారట. చెక్క ఇళ్ళలో పడుకోవడం, చలిమంట, కొండ ఎక్కడం. తల్లిదండ్రులు సంతకం చేసి సోమవారానికల్లా పంపాలి. అప్పటిదాకా నేను దేన్నీ అంతగా కోరుకోలేదు. మా క్లాసులో అందరూ ఎవరి పక్కన ఎవరు పడుకోవాలో కూడా అనేసుకున్నారు. నా పక్క మంచం కావాలని ఒక అమ్మాయి అడిగింది. నన్ను ఎవరైనా అలా అడగడం అదే మొదలు.

నాన్న ఆ ఫారాన్ని రెండుసార్లు చదివి, మడిచి, టీవీ పక్కన పెట్టారు. నన్ను దగ్గరకు పిలిచి తల నిమిరారు. "అందరూ నీకోసం ఆగాలి కదమ్మా. పాపం వాళ్ళ ట్రిప్ కూడా పాడవుతుంది" అన్నారు. ఆయన కోప్పడి ఉంటే నేను పోట్లాడేదాన్ని. తల నిమిరేవాళ్ళతో ఎలా పోట్లాడాలో పదకొండేళ్ళ పిల్లకు తెలియదు. వెళ్ళి మేడమెట్ల మీద కూర్చుని బూటు పట్టీలు విప్పుతూ, మళ్ళీ బిగిస్తూ ఉండిపోయాను.

అదంతా వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది మా మేనత్త. నాన్నకు చెల్లెళ్ళలో ఆఖరిది, ఆస్పత్రిలో నర్సు, మా ఇంట్లోనే పైగదిలో ఉండేది. ముప్పై దాటినా పెళ్ళి చేసుకోలేదు. సంబంధం తెచ్చినవాళ్ళను పెళ్ళికొడుకు బీపీ ఎంత, ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు అని అడిగేది. కొన్నాళ్ళకు తేవడం మానేశారు. ఆ సాయంత్రం ఆమె అన్నతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నా పక్కన మెట్టు మీద కూర్చుని, శనివారం ఆ ఏటి ఆఖరి పిక్నిక్‌కు పాత ప్యాంటు వేసుకోమని మాత్రం చెప్పింది.

శనివారం పార్కులో ఆడవాళ్ళు దుప్పట్లు పరుస్తుండగా అత్తయ్య చేతిసంచి భుజాన వేసుకుని, నన్ను లేపింది. ఎక్కడికని అమ్మ అడిగితే, "మొక్కు ఉంది వదినా, వచ్చేస్తాం" అంది. మొక్కు అన్నాక మావాళ్ళలో ఇంక ఎవరు నోరు తెరుస్తారు? వెళ్ళిరమ్మని అమ్మే రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టింది.

ఆ పార్కుకు వచ్చేవాళ్ళందరి చూపూ చెరువు మీదే ఉంటుంది. వెనకనున్న కొండను ఎవరూ పట్టించుకోరు. పార్కింగ్ చివర, మా కారు పక్కనే, చెట్ల మధ్యలోకి ఒక సన్నటి బాట ఉంది. బోర్డు లేదు. దారి తప్పకుండా అక్కడక్కడా చెట్టు మొదలుకు తెల్లరంగు పూసి ఉంది. ఆ కొండ పేరేమిటో నాకు ఆ రోజు తెలియదు, తర్వాత తెలుసుకోనూ లేదు.

నాలుగడుగులు వేశాక అత్తయ్య అసలు సంగతి చెప్పింది. నాకు పోలియో జ్వరం వచ్చినప్పుడు, పిల్ల బతికితే సింహాచలం మెట్లపూజ చేస్తానని మొక్కుకుందట. అంటే కొండ మెట్లు ఒక్కొక్కదానికీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకుంటూ పైదాకా ఎక్కాలి. ఈ లోగా చదువు, ఉద్యోగం, అమెరికా, మొక్కు అలాగే ఉండిపోయింది. "కొండదేవుడికి ఏ కొండైనా ఒకటే. ఈ తెల్లగుర్తులే నా మెట్లు. నేను బొట్టు పెట్టినంతసేపూ నువ్వు ఆగాలి మరి, విసుక్కోకూడదు" అని నన్ను అడిగింది. నన్ను! సంచిలోంచి కుంకుమ భరిణె, కాగితంలో చుట్టిన పసుపు తీసింది.

మొదటి గుర్తు దగ్గర ఆమె చతికిలబడి, చెట్టు కింద రాయికి నింపాదిగా పసుపు రాసి, మధ్యలో బొట్టు పెట్టి, కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. చాలాసేపు తెరవలేదు. నేను పక్కన నిలబడ్డాను. రెండో గుర్తు దగ్గరా అంతే. ఐదారు అయ్యేసరికి నాకు ఒక విచిత్రమైన సంగతి తెలిసింది. నేను ఎదురుచూస్తున్నాను. ఎప్పుడూ నాకంటే ముందుండే పెద్దమనిషి ఇప్పుడు నా వెనక ఉంది, నేను ఆమెకోసం ఆగుతున్నాను. "తొందరగా కానీ అత్తయ్యా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడంతో నాకే నవ్వొచ్చింది. ఇంకోసారి అన్నాను, ఊరికే, ఆ మాట ఎలా ఉంటుందో చూడటానికి.

కొండ సగం ఎక్కామేమో, పైనుంచి ఒక ముసలాయన కుక్కతో దిగుతూ కనిపించాడు. రాయి మీద కుంకుమ చూసి ఆగాడు. అది ఏమిటని మర్యాదగానే అడిగి, ఈ అడవిలో రంగులు చూసే జనం దారి పోల్చుకుంటారని, ఎర్రగుర్తులు ఇంకో బాటవని, ఇవి చూసి ఎవరైనా తప్పిపోవచ్చని చెప్పాడు. మా నాన్నయితే ఆ క్షణంలోనే సారీలు చెప్పుకుంటూ కిందికి పరుగెత్తేవారు. అత్తయ్య ఒక్కసారే సారీ చెప్పింది. దిగేటప్పుడు అన్నీ తుడిచేస్తానంది. ఆయన వెళ్ళేదాకా నిలబడి, జేబురుమాలు మంచినీళ్ళతో తడిపి, ముందుగా ఆ రాయి తుడిచింది.

ఇప్పుడు మొక్కు ఎలాగ అని నేను బెంగపడ్డాను. ఆమె చుట్టూ చూసి, నా ముందు కూర్చుని, నా ఎడమ ప్యాంటు కాలు మోకాలి దాకా మడిచింది. ఆ ఇనుము నేను ఎవరికీ చూపించేదాన్ని కాదు. బళ్ళో, గుళ్ళో, ఎండలో కూడా పొడుగు ప్యాంటే. అత్తయ్య కడ్డీకి పసుపు రాసి, దాని మీద బొట్టు పెట్టి, అంతకుముందు రాయికి పెట్టినట్టే దండం పెట్టింది. నాకు సిగ్గు వేసింది. కానీ చుట్టూ చెట్లు తప్ప ఎవరూ లేరు కాబట్టి ప్యాంటు దించలేదు.

ఆ తర్వాతే నాకు అనుమానం మొదలైంది. ఇప్పుడు బొట్లన్నీ నా కడ్డీకే, చెట్టు గుర్తులతో పనిలేదు కదా. ఎక్కడ ఆగాలో ఆమె ఇష్టం. నేను గమనించాను. నాకు ఆయాసం వచ్చినప్పుడల్లా భరిణె బయటికి వస్తోంది. పరీక్ష చేద్దామని, ఒకచోట బొట్టు పెట్టించుకుని లేచిన పది అడుగులకే, ఏ ఆయాసమూ లేకుండా, గట్టిగా రొప్పడం మొదలుపెట్టాను. అత్తయ్య చెయ్యి వెంటనే సంచిలోకి వెళ్ళింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో తల నిమిరిన చెయ్యీ ఇదీ ఒకటేననిపించింది. "మొక్కూ లేదు, ఏమీ లేదు. నామీద జాలిపడి నాటకమాడుతున్నావు. దేవుడి పేరు చెప్పి అబద్ధమాడావు!" అని అరిచాను. ఆ కొండలో అంత గట్టిగా అరిచినా వినేవాళ్ళు లేరు, అది నాకు బాగుంది కూడా.

అత్తయ్య బుకాయించలేదు. "ఆ, లేదు. దేవుడితో నేను చూసుకుంటాలే, అది ఆయనకీ నాకూ మధ్య" అని భరిణె మూత బిగించింది. "జాలే అయితే నిన్ను కారులో కూర్చోబెట్టి మామిడితాండ్ర చేతిలో పెట్టేదాన్ని. మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నానే, నీ నోట 'ఆగు' అన్న మాట ఒక్కసారి వినలేదు. మీ నాన్న దగ్గర ఆ మాట లేదు, నీకెలా వస్తుంది? చచ్చీచెడీ వెనకాల పరుగెత్తుతావు, లేకపోతే రానని కూర్చుంటావు. అందుకని ఆగడం నేను నా నెత్తినేసుకున్నాను. కానీ ఎల్లకాలం భరిణె పట్టుకుని నీ వెనక తిరగలేను కదే."

ఆమె సంచి సర్దుకుని లేచింది. ఇకనుంచి తన నడక తాను నడుస్తానని, నేను ఆగమంటే ఆగుతానని, అనకపోతే ఆగనని చెప్పింది. చెప్పి, నిజంగానే నడిచి వెళ్ళిపోయింది. ఆస్పత్రి వరండాల్లో నడిచే మనిషి, ఆమెది ఎప్పుడూ వడి నడకే. రెండు మలుపుల్లో ఆమె నీలం స్వెటర్ పెద్ద బండల వెనక మాయమైంది.

నాది మొండిఘటం అని మా అమ్మ ఊరికే అనదు. ఆగమని అడిగితే ఓడిపోయినట్టేనని పళ్ళు బిగించి ఎక్కాను. అక్కడి నుంచి దారంతా రాళ్ళే. బూటు రాళ్ళ సందులో పడి ఇరుక్కుంది. లాగబోయి మోకాళ్ళ మీద పడ్డాను. ప్యాంటు చిరిగింది, అరచెయ్యి దోక్కుపోయింది. చుట్టూ నిశ్శబ్దం. కిందినుంచి మావాళ్ళ గొంతులు కూడా వినిపించడం లేదు. నేను ఎక్కడున్నానో కింద ఒక్కరికీ తెలియదు. వెనక్కి దిగిపోతే సరి, ఫ్లాస్కుల దగ్గర నా చోటు నాకు ఉండనే ఉంది. అందరూ అయ్యో అంటారు. ఫారం టీవీ పక్కనే ఉండిపోతుంది. నా పక్క మంచం అడిగిన అమ్మాయి ఇంకెవరినో అడుగుతుంది. అదంతా ఒక్కసారిగా కళ్ళ ముందు కనిపించింది. దానికంటే అడగడమే నయమనిపించింది.

"ఆగు!" అన్నాను. నాకే సరిగ్గా వినిపించలేదు. మళ్ళీ అన్నాను. మూడోసారి మాత్రం కడుపులోంచి వచ్చింది. "అత్తా, ఆగు! నేనొస్తున్నాను!"

"ఆగాను!" అని బండల వెనకనుంచి వెంటనే జవాబొచ్చింది. అంత దగ్గరగానే ఉందన్నమాట. అయినా ఆమె దిగిరాలేదు, చెయ్యి ఇవ్వలేదు, దెబ్బ తగిలిందా అని అడగలేదు. అక్కడే నిలబడింది. బూటు పట్టీలు సడలించి, కాలు బయటికి లాగి, మళ్ళీ బిగించుకుని, కొన్నిచోట్ల నడిచి, కొన్నిచోట్ల రాళ్ళ మీద కూర్చుని జరుగుతూ నేను వెళ్ళేదాకా నిలబడే ఉంది. చాలాసేపే పట్టింది. వెళ్ళాక ఆమె ముఖంలోకి చూశాను. విసుగు లేదు, జాలి లేదు. ఎదురుచూసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. అక్కడినుంచి పైదాకా ఏడెనిమిదిసార్లు ఆగమన్నాను. రెండుసార్లు అవసరం లేకుండా కూడా అన్నాను, ఆగుతుందో లేదోనని. ఆగింది.

శిఖరం అని చెప్పుకోవడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. నాలుగు మంచాలు పట్టేంత బోడిరాయి, చుట్టూ చెట్లు, ఒకవైపు మాత్రం ఖాళీ. ఆ ఖాళీలోంచి చెరువు ఒక వార, కొత్తగా ఎర్రబడుతున్న ఆకులు, ఒక రోడ్డు, దాని మీద పోతున్న కార్లు. రాతిమెట్ల పక్కనున్న ఫోటో గట్టు కూడా కనిపించింది. మాకంటే ఎంతో కిందికి ఉంది. నాకు చాలా గర్వంగా అనిపించింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఇద్దరం అమ్మ ఇచ్చిన అరటిపళ్ళు తిన్నాం. తొక్కలు అత్తయ్య సంచిలో వేసుకుంది.

దిగేటప్పుడు ముసలాయనకు ఇచ్చిన మాట ప్రకారం ఒక్కో రాయీ తుడుచుకుంటూ వచ్చాం. నా కడ్డీ మీది పసుపు కుంకుమలు తుడుస్తానంటే నేను ఒప్పుకోలేదు.

మేము చెట్లలోంచి బయటపడేసరికి మావాళ్ళ భోజనాలైపోయాయి. అందరూ లేచి ఫోటో కోసం రాతిమెట్ల వైపు వెళ్తున్నారు. నాన్న చిన్నపిల్లలను ముందు ఎక్కమని దారి ఇస్తూ పక్కకు ఒదిగి నిలబడ్డారు. అత్తయ్య నావైపు చూడలేదు, నోరు విప్పలేదు. నేను పార్కింగ్ మధ్యలో నిలబడి, నాకున్న గొంతంతా పెట్టి, "ఆగండి! నేనూ వస్తున్నాను!" అని అరిచాను.

అంకుల్స్, ఆంటీలు, పిల్లలు, పక్క బల్లల దగ్గరున్న అమెరికావాళ్ళు, అందరూ తిరిగి చూశారు. నాన్న ముఖం ఎర్రబడింది. ఆయన చెయ్యి కొంచెం లేచింది. అలవాటు ప్రకారం వాళ్ళను వెళ్ళమనడానికో, నన్ను అక్కడే ఉండమనడానికో. లేచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. చిరిగి, పైకి మడిచి ఉన్న ప్యాంటు, పసుపూ ఎరుపూ పట్టిన ఇనుము, ఆయన వాటినే చూస్తున్నారు. ఒక్కరూ కదల్లేదు. నేను నా నడకతో పార్కింగ్ దాటి, గడ్డి దాటి, రాతిమెట్లు ఒక్కొక్కటే ఎక్కాను. ఐదారు నిమిషాలు పట్టిందేమో. ఎవరి ప్రాణమూ పోలేదు. ఒక ఆంటీ తన చంటిపిల్లాణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది, అంతే జరిగింది.

ఆ ఏడు ఫోటోలో నేను ముందు వరసలో ఉన్నాను. ఎడమ కాలు ముందుకు పెట్టాను.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో నాన్న చెల్లెల్ని కోప్పడతారేమోనని నేను ఎదురుచూశాను, కోప్పడలేదు. మర్నాడు పొద్దున్న కాఫీ తాగాక టీవీ పక్కనున్న ఫారం తెచ్చి బల్ల మీద పరిచారు. ఎంత ఎత్తు ఎక్కామని అత్తయ్యను అడిగారు. "నన్నెందుకు అడుగుతావు అన్నయ్యా? ఎక్కింది అది" అంది ఆమె. అప్పుడు నన్ను అడిగారు. అన్నీ చెప్పాను, పడింది కూడా చెప్పాను. చెప్పి, నేను అరిస్తే అందరూ ఆగారు కదా నాన్నా అన్నాను. ఆయన చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నారు. సంతకం చేశారు. పిల్లల విషయంలో ప్రత్యేకంగా ఏమైనా చెప్పాలా అని కింద ఒక ఖాళీ ఉంటే, అందులో తన ముత్యాల్లాంటి అక్షరాలతో ఇంగ్లిషులో ఒకే ఒక్క వాక్యం రాశారు: ప్లీజ్ వెయిట్ ఫర్ హర్.

ఎవరినీ ఒక్క నిమిషం ఆపని మనిషి, నాకోసం బడి మొత్తాన్నీ ఆగమని రాశారు. ఆయనకు అది ఎంత కష్టమో నాకు అప్పుడే అర్థమైంది. మెడ చుట్టూ చేతులు వేసి ఆయన్ను వదల్లేదు. సోమవారం స్కూల్ బస్సులో ఆ ఫారం తీసి మళ్ళీ చదువుకున్నాను. చదివి, నా పెన్ను తీసి, 'ప్లీజ్' అన్న మాట కొట్టేశాను. బస్సు కుదుపుకు గీత వంకరపోయింది. దాని మీద ఇంకో గీత గీశాను.

ట్రిప్‌లో ఆగారా అని నా పిల్లలు అడుగుతుంటారు. కొందరు ఆగారు. కొందరు విసుక్కుంటూ ఆగారు, అదీ ఆగినట్టే. ఒక కుర్రాడు ఆగకుండా వెళ్ళిపోయాడు, వాడు పైకి చేరి అరగంట ఒక్కడే కూర్చున్నాడు. పక్క మంచం అమ్మాయి మాత్రం ప్రతి మలుపులోనూ నిలబడింది.

ఇప్పుడు నేను షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటున్నాను. యాభై దాటాక కాలు మళ్ళీ బలహీనపడింది, ఒక కర్ర కూడా వచ్చి చేరింది. పొద్దున్నే సిటీకి వెళ్ళే రైలు దగ్గర నేను మెట్లు ఎక్కుతుంటే వెనక జనం పోగవుతారు. మా తెలుగువాళ్ళ వాకింగ్ గ్రూపులో, వేగంగా నడవలేనివాళ్ళు విడిగా నడిస్తే అందరికీ సౌకర్యం అని ఈ మధ్య ఎవరో మెసేజ్ పెట్టారు. మరుసటి ఉదయం అందరికంటే ముందు వెళ్ళి నిలబడ్డాను. నడక మొదలైన రెండు నిమిషాలకే అందరూ ముందుకు పోయారు. ఆగమని కేకేశాను. మెసేజ్ పెట్టినాయనతో సహా ఆగారు. నేను కలిసేదాకా నిలబడ్డారు. ఆగినందుకు అందరికీ థాంక్స్ చెప్పాను. ఎప్పుడూ చెబుతాను. ఆగమన్నందుకు మాత్రం ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఎవరికీ సారీ చెప్పలేదు.